నల్లగుడ్డు మీద కచ్చా కుట్టు

తెల్లవారుజామున మూడున్నరకో నాలుగింటికో మెలకువ వస్తుంది. కన్ను తెరుస్తాను. తెరిచీ తెరవగానే కుడి కంట్లో బ్లేడుతో గీసినట్టు అవుతుంది. ఇక గంటా రెండు గంటలు నీళ్ళు కారుతూనే ఉంటాయి. లైటు వేస్తే ఓర్చుకోలేను. రెప్ప కింద గాజుపెంకు ఇరుక్కున్నట్టే ఉంటుంది. అద్దంలో చూసుకుంటే ఎర్రదనం తప్ప ఇంకేమీ కనపడదు. మధ్యాహ్నానికి సర్దుకుంటుంది. వారానికో పది రోజులకో మళ్ళీ అదే.

2022 మార్చి నుంచి దాదాపు ఏడాదిన్నర నేను పడిన బాధ ఇది. దీనికి ఒక పేరుందని, వైద్యం ఉందని తెలియడానికే నాలుగు నెలలు పట్టింది. ఇదే బాధ పడుతూ, కంట్లో నలుసు పడిందేమో అనుకుని రోజులు నెట్టుకొస్తున్నవాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో. వాళ్ళ కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. అనంతపురం పాతూరులో ఇరవై రెండేళ్ళుగా బ్లౌజులు కుట్టుకుని బతుకుతున్నదాన్ని. నాకు జరిగింది, డాక్టర్లు నాకు చెప్పింది, అంతవరకే రాస్తాను.

ఆ ఏడాది సంక్రాంతికి మా అమ్మాయి గుత్తి నుంచి పిల్లోన్ని తీసుకుని వచ్చింది. వాడికప్పుడు పదకొండు నెలలు. ఎత్తుకుని ఆడిస్తుంటే చెయ్యి విసిరాడు. గోరు నేరుగా నా కుడి కంట్లో తగిలింది. ఒక్కసారిగా కండ్లు బైర్లు కమ్మాయి, పిల్లోన్ని మా అమ్మాయి చేతుల్లో పెట్టి అక్కడే కూలబడిపోయాను. రెండు రోజులు కన్ను తెరవలేదు. మూడో రోజుకు తగ్గింది. పండగ పనుల్లో పడి మర్చిపోయాను.

శివరాత్రి ఆ ఏడాది మార్చి 1న వచ్చింది. రాత్రంతా జాగారం చేసి, తెల్లవారాక ఇంటికొచ్చి ఫ్యాను కింద పడుకున్నాను. రెండు గంటలకు మెలకువ వచ్చి కన్ను తెరిస్తే, సంక్రాంతినాటి గోరే మళ్ళీ తగిలినట్టు అనిపించింది. అరిచిన అరుపుకు మా ఆయన వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. నిద్ర లేక కన్ను మండిందిలే అనుకున్నాం ఇద్దరమూ. గోరు తగిలి అప్పటికి ఆరు వారాలు దాటింది. ఆ దెబ్బకూ ఈ నొప్పికీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది?

ఎండాకాలమంతా ఇంతే. ఒకచోట చూపిస్తే కండ్లకలక అన్నారు. ఇంకోచోట ఎలర్జీ అన్నారు. వాళ్ళ తప్పు ఎంతవరకో నేను చెప్పలేను. తెల్లవారుజామున నొప్పి వస్తే నేను సాయంత్రం ఆరింటికి, షాపు మూసి, వాళ్ళ దగ్గరకు పోయేదాన్ని. అప్పటికి లోపలి పుండు పూడిపోయి ఉంటుంది. చూసేవాళ్ళకు కొంచెం ఎర్రబడిన కన్ను తప్ప ఏం కనిపిస్తుంది! ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, ఇంత నొప్పిని నేనే ఎక్కువ చేసి చెబుతున్నానా అని నా మీదే నాకు అనుమానం వచ్చేది.

ఒక మందుల షాపులో ఇచ్చిన చుక్కలు వేసుకుంటే హాయిగా ఉండేది. ఎర్రదనం గంటలో పోయేది. అందుకని చీటీ ఏమీ లేకుండానే సీసా తర్వాత సీసా తెచ్చుకుని రెండు నెలలు వాడాను. అందులో స్టెరాయిడ్ కలిసి ఉందని నాకు తెలియదు, ఇచ్చినాయన చెప్పలేదు. స్టెరాయిడ్ చుక్కలు డాక్టరు చూసి ఇంతకాలమే అని లెక్కపెట్టి ఇస్తే మందే. లెక్క లేకుండా వాడితే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది, శుక్లం రావచ్చు, లోపల ఏదైనా ఇన్‌ఫెక్షన్ ఉంటే చల్లగా కప్పిపెట్టి ముదరబెడుతుంది. నా కంటికి ఏమీ కాకపోవడం నా అదృష్టం. కంటి చుక్కలు కొనేటప్పుడు దయచేసి ఆ సీసా మీద ఏముందో ఎవరిచేతనైనా చదివించుకోండి.

ఇంట్లో వైద్యాలూ తక్కువేం కాదు. మా అత్త పెరట్లో నందివర్ధనం పూలు కోసుకొచ్చి, తడిపి, మూసిన కంటి మీద పెట్టేది. అది చల్లగా ఉండేది, ఆమె ప్రేమకు ఇంకా చల్లగా ఉండేది. పక్కింటామె చనుబాలు పోయమంది. ఆముదం చుక్క వేయమన్నవాళ్ళున్నారు. అవి మాత్రం వేసుకోలేదు. వేసుకోకపోవడమే మంచిదైందని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. పైపొర లేచిపోయిన కంట్లో ఆకుపసరు గానీ, పాలు గానీ పడితే క్రిములకు దారి ఇచ్చినట్టే. మూసిన రెప్ప మీద శుభ్రమైన చల్లని గుడ్డ పెట్టుకోవచ్చు, లోపల పోయడం మాత్రం ఏదీ వద్దంది.

జులైలో విషయం బయటపడింది. ఆషాఢం. పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి నాకు పని తక్కువ. గాలి మాత్రం చెప్పనలవి కాదు. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా, ఆ నెలల్లో మా వైపు వీచే గాలికి తలుపులు కూడా వాటంతటవే కొట్టుకుంటాయి. ఒక పొద్దున అయిదింటికి నొప్పితో లేస్తే, మా చిన్నోడు కన్ను తెరవనివ్వకుండా నా కొంగే కంటికి అడ్డం పెట్టించి బండెక్కించాడు. బీఫార్మసీ చదువుతున్నాడు వాడు. "నొప్పి ఉన్నప్పుడే సూపించల్ల మా, తగ్గినాంక పోతే ఏం కనపడతాది?" అన్నాడు. ఆసుపత్రి పైమిద్దెలోనే కాపురముండే ఒక కంటి డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయాడు. ఆమె ఆరింటికి తలుపు తీసింది. ఆ తల్లికి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ముందు ఒక చుక్క వేసింది. అర నిమిషంలో నొప్పి మాయమైంది. నాలుగు నెలల్లో నేనెరగని సుఖం అది. తర్వాత చివర నారింజరంగు మందు అద్దిన చిన్న కాగితం పట్టీ కంట్లో ఆనించి, గడ్డం మిషన్ మీద పెట్టించి, నీలం లైటు వేసి చూసింది. రంగు అంటుకున్నచోట పచ్చగా మెరుస్తుందట. మా చిన్నోణ్ని కూడా పిలిచి చూపించింది. నల్లగుడ్డు కింది భాగంలో చిన్న పెసరగింజంత మేర పైపొర లేచిపోయి, అంచు ముడుచుకుని ఉంది.

"గోరు గానీ, కాగితం అంచు గానీ, చెట్టు కొమ్మ గానీ ఎప్పుడైనా తగిలిందా అమ్మా?" అని అడిగింది.

ఆ మాట నన్ను ఇంకెవరూ అడగలేదు.

ఆ మొదటి చుక్కనే ఇంటికి ఇమ్మని బతిమాలాను. ఇవ్వనంది. అది తిమ్మిరి మందు, పరీక్షకు మాత్రమే. ఇంట్లో పెట్టుకుని వేసుకుంటూ పోతే పుండు మానదు, చివరకు నల్లగుడ్డే కరిగిపోయే ప్రమాదం ఉంది అని గట్టిగా చెప్పింది. ఎవరైనా మీకు ఆ చుక్క ఇంటికి ఇప్పిస్తామన్నా తీసుకోకండి.

అప్పుడు ఆమె చెప్పింది నాకు నా పని భాషలోకి మార్చుకుంటేనే తలకెక్కింది. నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొరల ముద్దను కార్నియా అంటారు. మొత్తం మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అందులో పైన ఉండే చర్మం లాంటి పొర మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఒంట్లో నరాలు అంత చిక్కగా ఉండే చోటు ఇంకోటి అరుదు, అందుకే రవ్వంత లేచినా ప్రాణం పోతుంది. గోరు తగిలి ఆ పైపొర చిరిగితే రెండు మూడు రోజుల్లో పక్కనున్న కణాలు పాకివచ్చి పూడ్చేస్తాయి. పైకి మానినట్టే. కానీ ఆ కొత్త పొరను కింది పొరకు పట్టి ఉంచే కొక్కేలు లాంటివి తయారవడానికి వారాలు, నెలలు పడతాయి. అంతవరకూ అది కచ్చా కుట్టు మీద ఉన్న లైనింగ్ లాంటిది. చూడ్డానికి బ్లౌజు తయారైనట్టే ఉంటుంది, ఒక్క లాగు లాగితే ఊడివస్తుంది.

లాగేది ఎవరు? రెప్పే. పగలంతా కన్నీటి తడి మీద రెప్ప జారుతూ ఉంటుంది. నిద్రలో కన్నీరు ఊరడం బాగా తగ్గిపోతుంది. కన్ను ఎండి, రెప్ప లోపలివైపు ఆ బలహీనమైన పొరకు అతుక్కుంటుంది. మెలకువ వచ్చి చటుక్కున తెరిచామా, రెప్పతోపాటు పొర కూడా లేచివస్తుంది. మళ్ళీ పుండు, మళ్ళీ మూడు రోజులకు పూడిక, మళ్ళీ కచ్చా కుట్టే. పదేపదే కార్నియా పైపొర లేచిపోవడం, రికరెంట్ కార్నియల్ ఎరోజన్ అని చీటీలో రాసింది. కొందరికి దెబ్బ ఏమీ తగలకుండానే, పుట్టుకతో ఆ కింది పొర సరిగా లేక కూడా ఇది వస్తుందట. అందుకే రెండో కన్ను కూడా జాగ్రత్తగా చూసింది. నాది అది కాదు.

కన్ను పొడిబారడం కూడా కొలిచింది. చిన్న కాగితం పట్టీ కింది రెప్పలో తగిలించి అయిదు నిమిషాలు కూర్చోబెట్టింది. పదిహేను మిల్లీమీటర్లు తడిస్తే నిశ్చింత అట. నాకు కుడి కంట్లో నాలుగు, ఎడమ కంట్లో ఆరు. రెప్పల అంచున నూనె ఊరే గ్రంథులు ఉంటాయని, నావి మూసుకుపోయి ఉన్నాయని, ఆ నూనె పైన తేలకపోతే ఉన్న కాస్త కన్నీరూ ఆవిరైపోతుందని చెప్పింది. నోరు ఎండుతుందా, కీళ్ళ నొప్పులున్నాయా, జలుబు మాత్రలు ఎక్కువ వాడతావా, ముట్లు ఎట్లున్నాయి అని అన్నీ అడిగింది. నలభై ఏడేళ్ళు నాకు, ముట్లు ఆగే వయసు. ఆ వయసులో ఆడవాళ్ళకు కండ్లు పొడిబారడం చానా మామూలట. పైగా సూది మీద చూపు పెట్టి గంటలు గంటలు కూర్చుంటాను. మనిషి మామూలుగా నిమిషానికి పదిహేనుసార్ల దాకా రెప్ప వేస్తాడు, దగ్గరి పని చేసేటప్పుడు అది సగానికి సగం పడిపోతుంది. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన మాత్రమే పడే ఊళ్ళో, ఆషాఢ గాలిలో, ఫుల్ స్పీడు ఫ్యాను కింద నిద్ర. నా కంటికి అన్నీ ఎదురే.

మందులు సాదాగానే ఉన్నాయి. పుండు మానేదాకా యాంటీబయాటిక్ చుక్కలు. పగలు రెండు గంటలకోసారి కన్నీటి చుక్కలు. అన్నిసార్లు వేసుకునేవాళ్ళు, చుక్కలు చెడిపోకుండా కలిపే నిల్వ మందు లేనివి వాడాలి, ఆ నిల్వ మందే మళ్ళీ పైపొరను దెబ్బ తీస్తుంది అంది. అవి చిన్న చిన్న ప్లాస్టిక్ గుళికల్లో వస్తాయి, ఖరీదు ఎక్కువే. అయిదు శాతం ఉప్పు చుక్కలు, అవి పొరలో చేరిన నీటిని లాగేసి గట్టిగా అతుక్కునేలా చేస్తాయి, వేసుకుంటే బాగా చురుక్కుమంటాయి. ఇంట్లో ఉప్పునీళ్ళు కలుపుకుని పోసుకోకూడదు, అది వేరు ఇది వేరు. అన్నిటికంటే ముఖ్యంగా రాత్రి పడుకునే ముందు కంట్లో పెట్టుకునే ఆయింట్‌మెంట్.

"నొప్పి లేకపోయినా ఆరు నెలలు ఒక్క రాత్రి కూడా మానకూడదు" అని రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ తలూపాను.

మానేశాను. దీన్నే అందరికంటే గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. అయిదు వారాలు నొప్పి రాలేదు. శ్రావణం వచ్చింది. ధర్మవరం పట్టుచీరలకు బ్లౌజులు, వ్రతాలకు ఒకటి, పెళ్ళిళ్ళకు ఒకటి, గుట్టలుగా వచ్చి పడ్డాయి. ఆయింట్‌మెంట్ పెట్టుకుంటే పొద్దున రెండు గంటలు చూపు మసకగా ఉంటుంది, సూదిలో దారం ఎక్కదు. నొప్పి లేదు కదా అని ఒక రాత్రి వదిలేశాను, తర్వాత పది రాత్రులు వదిలేశాను. దసరా ముందు వరసగా మూడుసార్లు వచ్చింది. మూడోసారి ఎంత పెద్దగా లేచిందంటే నాలుగు రోజులు మిషన్ ఎక్కలేదు. అడ్వాన్సు తీసుకున్న బ్లౌజులు వేరేవాళ్ళకు ఇచ్చి కుట్టించాల్సి వచ్చింది.

అప్పటి రాత్రుల గురించి చెప్పాలి. నొప్పికంటే నిద్రంటే భయం ఎక్కువైంది నాకు. పడుకోబోయే ముందు గుండె దడ. పడుకుంటే కదా కన్ను మూయాలి, మూస్తే కదా తెరవాలి. రెండింటి దాకా కూర్చునేదాన్ని. నిద్ర తక్కువైన కొద్దీ కన్ను ఇంకా ఎండేది. మా ఆయన మాటకారి కాదు. ఒకరోజు మాత్రం, "నువ్వు పండుకో, నేను మేలుకోనుంటా, నువ్వు కదిలితే నేను సుక్కలేస్తా" అన్నాడు. వారం రోజులు అట్లే కూర్చున్నాడు. ఆ వారంలోనే ఆయన ఒకటి కనిపెట్టాడు. నిద్రలో నా కుడి కన్ను పూర్తిగా మూసుకోవడం లేదు, సందులోంచి తెల్లగుడ్డు కనపడుతోంది. ఫోనులో ఫోటో తీసి ఉంచాడు. డాక్టరమ్మ ఆ ఫోటో చూసి, "ఇది చానా పనికొచ్చే సంగతి" అంది. ఈ బాధ ఉన్నవాళ్ళు ఇంట్లో ఎవరినైనా అడిగి ఇది చూపించుకోవాలి. మనకు మనం ఎప్పటికీ తెలుసుకోలేం.

ఇంకొకటి నా కొలతల పుస్తకం వల్ల తెలిసింది. ఆ పుస్తకం వెనక పేజీలో నొప్పి వచ్చిన తేదీలు గీసి పెట్టుకున్నాను. చూస్తే ఎక్కువ భాగం కొళాయి నీళ్ళొచ్చే రోజులు! మా వీధికి రోజు మార్చి రోజు, తెల్లవారకముందే నీళ్ళొస్తాయి. బిందెల చప్పుడు వినగానే దిగ్గున లేచి పరిగెత్తడం ఇరవై ఏళ్ళ అలవాటు. ఆ దిగ్గున లేవడంలోనే కన్ను చిరుగుతోంది. ఇది తెలిసిన రోజు నుంచి నీళ్ళు పట్టే పని మా ఆయన, చిన్నోడు తీసుకున్నారు.

నవంబరులో డాక్టరమ్మ నన్ను కర్నూలుకు పంపించింది, కార్నియా ఒక్కటే చూసే డాక్టరు దగ్గరకు. కర్నూల్లో ప్రాంతీయ కంటి ఆసుపత్రి చానా కాలంగా ఉండటం వల్ల మా సీమ జిల్లాల్లో కండ్ల బాధలంటే ఆ ఊరి పేరే ముందు నోటికొస్తుంది. నూట యాభై కిలోమీటర్ల ప్రయాణం. బస్సు కిటికీ గాలికి కన్ను ఎండుతుందని తెలిసి లోపలి సీటులో, పక్కలు మూసి ఉండే కండ్లద్దాలు పెట్టుకుని పోయాను.

అక్కడి డాక్టరు అన్ని దారులూ వివరించాడు. వదులుగా ఉన్న పైపొరను తుడిచేసి, కింది పొరను నునుపు చేసి, కొత్త పొర గట్టిగా పెరిగేలా చేయడం ఒకటి. చూపుకు అడ్డంరాని చోట సన్నని సూదితో చుక్కలు చుక్కలుగా గుచ్చడం ఇంకొకటి, గుచ్చిన చోట మచ్చ కట్టి పొర పట్టుకుంటుంది. కండ్లద్దాలు తీసేయడానికి వాడే లేజర్‌తోనే పైపైన చెక్కడం మూడోది. ముందు చిన్నదానితో మొదలుపెడదాం అన్నాడు. తిమ్మిరి చుక్కలు వేసి, కన్ను మూసుకోకుండా క్లిప్పు పెట్టి, వదులు పొరను మెత్తని స్పాంజితో తుడిచి తీశాడు. పది నిమిషాల పని. నొప్పి తెలియలేదు. తీసిన పొర తడిసిన టిష్యూ కాగితంలా సులువుగా వచ్చేసిందని, అది అస్సలు పట్టుకుని లేదని చెప్పాడు.

తర్వాత కంట్లో పవరు లేని కాంటాక్ట్ లెన్స్ పెట్టాడు. కట్టు లాంటిది అది. రాత్రీ పగలూ లోపలే ఉంటుంది, రెప్పకూ పుండుకూ మధ్య అడ్డంగా. మొదటి రెండు రోజులు తిమ్మిరి దిగాక బాగా నొప్పి చేసింది, అది దాచను. మూడో రోజు పొద్దున కన్ను తెరిస్తే ఏమీ కాలేదు. మంచం మీదే కూర్చుని ఏడ్చాను. ఆరు వారాలు ఆ లెన్స్ ఉంది, మధ్యలో రెండుసార్లు వాళ్ళే మార్చారు. లెన్స్ ఉన్నన్నాళ్ళూ యాంటీబయాటిక్ చుక్కలు తప్పనిసరి. పొయ్యి పొగకు, దుమ్ముకు దూరం. నొప్పి పెరిగినా, చూపు మసకబారినా, పుసి పసుపుపచ్చగా వచ్చినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనపడినా అదే రోజు రావాలని రాసిచ్చారు. ఆ నాలుగు మాటలు మిషన్ మీద అంటించుకున్నాను.

డాక్సీసైక్లిన్ మాత్రలు రెండు నెలలు ఇచ్చాడు. మా చిన్నోడికి ఆశ్చర్యం, క్రిములు లేవు కదా యాంటీబయాటిక్ ఎందుకని. పొరను పట్టి ఉంచే కొక్కేలను కరిగించే ఎంజైములు ఈ కన్నుల్లో ఎక్కువవుతాయట, ఆ మాత్ర వాటిని అణచిపెడుతుందట. నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుని, వెంటనే పడుకోకుండా ఉండాలి. పాలతో వేసుకోకూడదు. కడుపుతో ఉన్నవాళ్ళకు, చిన్నపిల్లలకు ఇవ్వరు.

2023 మేలో ఒకసారి మళ్ళీ వచ్చింది. తిరుపతి పోయినప్పుడు ఆయింట్‌మెంట్ గొట్టం ఇంట్లోనే మర్చిపోయాను, మూడు రాత్రులు లేకుండా గడిచాయి. నాలుగో పొద్దున చురుక్కుమంది. చిన్నదే, రెండు గంటల్లో పోయింది. కానీ ఆ తర్వాత నేను మళ్ళీ తప్పలేదు. ఆగస్టులో ఒక్కసారి లీలగా గుచ్చినట్టు అయింది. అదే ఆఖరుది.

ఇప్పుడు నా రాత్రి ఎట్లుంటుందో చెబుతాను, ఎవరికైనా ఒక్కటి పనికొచ్చినా చాలు.

సాయంత్రం మిషన్ దిగాక రెప్పలకు పది నిమిషాలు కాపడం. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ నిమిషంలో చల్లారిపోతుంది. అందుకని కాటన్ లైనింగ్ ముక్కతో అరచేయంత సంచి కుట్టి, అందులో బియ్యం పోసి నోరు కుట్టేశాను. సన్నని సెగ మీద పెనం పెట్టి తిప్పుతూ వేడి చేస్తాను. మణికట్టు లోపలివైపు ఆనించి చూసుకుని, అక్కడ హాయిగా ఉంటేనే కంటికి. తర్వాత శుభ్రమైన వేలితో పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి మెల్లగా నిమురుతాను. మూసుకుపోయిన నూనె కరిగి దిగుతుంది. ఇది మొదలుపెట్టిన మూడు నెలలకు పగటి మంట బాగా తగ్గింది. కన్నులో నొప్పి వచ్చిన రోజు మాత్రం చేయను, నలపకూడదు.

పడుకునే గది మార్చుకున్నాం. ఎండాకాలం మిద్దె మీద పడుకునే అలవాటు పూర్తిగా మానేశాను. ఫ్యాను లేకుండా మా ఊళ్ళో ఏప్రిల్ రాత్రి గడవదు కాబట్టి, ఫ్యాను తగ్గించి పెట్టి, కూలర్ గాలి కాళ్ళవైపు తగిలేలా మంచం తిప్పాం. గదిలో ఒక తడి దుప్పటి ఆరేస్తాం.

కన్ను మూసుకోని సంగతికి డాక్టరమ్మ ముందు పేపరు టేపు అంటించడం చూపించింది. కొన్నాళ్ళు చేశాను, చెమటకు ఊడిపోయేది. ఈతగాళ్ళ కండ్లద్దాలు పెట్టుకుంటే తలనొప్పి. ఒక రాత్రి బ్లౌజు కత్తిరిస్తుంటే తట్టింది. టక్కులు వేస్తే గుడ్డకు గుంట వస్తుంది కదా. మెత్తని కాటన్‌కు, మధ్యలో పలుచని స్పాంజి పెట్టి, ఒక్కో కంటికి మూడు టక్కులు వేసి గుంటలు తెప్పించాను. గుడ్డ రెప్పకు తగలదు, అంచులు బుగ్గకు, కనుబొమకు ఆనుకుంటాయి, గాలి లోపలికి పోదు, తడి బయటికి రాదు. మొదటి రెండూ కుదరలేదు, మూడోది కుదిరింది. డాక్టరమ్మకు చూపిస్తే కంటి మీద ఒత్తిడి పడటం లేదని వేలు పెట్టి చూసి సరేనంది. రోజూ ఉతకాలి, అందుకని నాలుగు కుట్టుకున్నాను. ఆమె దగ్గరకు వచ్చే ఇంకో ఇద్దరికి కూడా కుట్టిచ్చాను, డబ్బు తీసుకోలేదు.

పడుకునే ముందు కన్నీటి చుక్క. పది నిమిషాలాగి, కింది రెప్ప లాగి, బియ్యపుగింజ పొడవంత ఆయింట్‌మెంట్. లైటు ఆర్పే పని అయ్యాక, అన్నిటికన్నా చివర. గొట్టం మూతి కంటికి తగలకూడదు.

పొద్దున లేవడమే అసలు పని. అలారం తీసేశాను. మెలకువ రాగానే కన్ను తెరవను. మూసిన రెప్పల కిందే గుడ్డును మెల్లగా ఎడమకు, కుడికి కదుపుతాను. నలభై దాకా లెక్కపెడతాను. దిండు పక్కన గుళిక ఉంటుంది, తడిమి తీసి, ముక్కు వైపు మూలలో రెండు చుక్కలు వేసి, రెప్ప సందులోకి పాకనిస్తాను. ఏమాత్రం పట్టినట్టు అనిపించినా ఇంకో నిమిషం ఆగుతాను. అప్పుడు ముందు ఎడమది, తర్వాత కుడిది, కొంచెం కొంచెంగా. అర్ధరాత్రి ఒంటేలుకు లేచినా ఇంతే. మొదట్లో ఇది గుర్తుండేది కాదు. ఇప్పుడు నిద్రలోనే చెయ్యి గుళిక కోసం పోతుంది.

మిషన్ మీద కూర్చున్నప్పుడు ఒక్కో టక్కు అయ్యాక రెండుసార్లు నిండుగా రెప్ప వేస్తాను. సూదిలో దారం పొద్దున ఎనిమిదింటి తర్వాతే. తొందరగా కావాలన్నవాళ్ళకు కుదరదక్కా అని చెప్పడం నేర్చుకున్నాను. కొందరు వేరేచోటికి పోయారు. చానామంది ఆగారు.

మా అమ్మాయికి మొదట్లో చానా బాధ, తన బిడ్డ వల్లే ఇదంతా అని. ఎన్నిసార్లు చెప్పినా మనసులోంచి తీసేసుకోలేదు. పిల్లోడికి ప్రతి ఆదివారం గోళ్ళు తీస్తుంది. మొన్న వచ్చినప్పుడు వాడు నా పక్కనే పడుకున్నాడు. పొద్దున నేను కన్ను మూసుకునే లెక్కపెడుతుంటే, పక్కనుంచి వాడూ మొదలుపెట్టాడు. ఇరవై దాకా వచ్చు వాడికి. ఇరవై అయ్యాక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టి, "అవ్వా, ఇప్పుడు తెరువు" అన్నాడు.

తెరిచాను. వీధిలో బిందెల చప్పుడు వినపడుతోంది, మా ఆయన అప్పటికే నీళ్ళ దగ్గరున్నాడు. గొట్టంలో ఆయింట్‌మెంట్ అడుగంటింది, సాయంత్రం టవర్ క్లాక్ వైపు పోయినప్పుడు కొత్తది తెచ్చుకోవాలి.